నొప్పి తెలియని చోట ఎక్కువ జాగ్రత్త



ఆస్పత్రికి వచ్చేవారిలో ఎక్కువమంది ఏదో ఒక నొప్పితోనే వస్తారు. నడుము నొప్పి, తలనొప్పి, కీళ్ల నొప్పి, కడుపు నొప్పి. నొప్పి ఉంటే జబ్బు ఉన్నట్టు, నొప్పి లేకపోతే జబ్బు లేనట్టు అనుకోవడం మనందరికీ అలవాటు. అందుకే సుగర్ ఉన్న పెద్దవారు కొందరు కాలికి పుండుతో నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోతారు. "పుండు ఉంది గానీ నొప్పేం లేదు సిస్టరమ్మా, అదే మానుద్దిలే అనుకున్నా" అంటారు. కట్టు విప్పి చూస్తే లోపల ఎముక కనబడుతుంది.

నొప్పి ఉన్న పుండు కంటే నొప్పి లేని పుండు ప్రమాదం. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలామందికి కాళ్లు దక్కుతాయి. ఈ మాట ఎందుకు చెబుతున్నామో అర్థం కావాలంటే మన నాడీ మండలం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. ఆ సంగతులు ఈ నెల చూద్దాం.

నరాలు అంటే ఏవి?

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. చేతి మీద ఆకుపచ్చగా ఉబ్బి కనిపించేవాటిని మనం నరాలు అంటాం. నిజానికి అవి రక్తం ప్రవహించే సిరలు. సెలైన్ ఎక్కించేటప్పుడు మేము సూది గుచ్చేది వాటికే. అసలు నరాలు, అంటే నాడులు, పైకి కనిపించవు. అవి తెల్లని దారాల్లాగా కండరాల మధ్య, ఎముకల పక్కన లోపలగా ఉంటాయి. వాటిలో రక్తం పారదు, సమాచారం పారుతుంది. అందుకే "నరాల బలహీనతగా ఉంది, ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టండి" అని అడిగినప్పుడు మేము వెంటనే పెట్టము. సిరలోకి ఎక్కించిన గ్లూకోజ్ నరానికి బలం ఇవ్వదు. తిమ్మిరికి, నీరసానికి అసలు కారణం ఏమిటో ముందు తెలుసుకోవాలి.

నాడీ మండలంలో మూడు భాగాలు ఉన్నాయి. అవి మెదడు, వెన్నుపాము, నరాలు.

మెదడు బరువు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. శరీరం బరువులో ఇది నూటికి 2 వంతులే. కాని మనం పీల్చే ప్రాణవాయువులో సుమారు 20 వంతులు అదే వాడుకుంటుంది. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. ఆలోచన, జ్ఞాపకం, మాట, చూపు, కదలిక పెద్ద మెదడు పనులు. నడకలో తూలిపోకుండా, చేతి పని తడబడకుండా చూసేది వెనుక ఉన్న చిన్న మెదడు. వెన్నుపాము మొదలయ్యే చోట ఉన్న మజ్జాముఖం మనం నిద్రపోతున్నా ఊపిరిని, గుండెను నడిపిస్తుంది. ఇంకొక సంగతి. ఎడమవైపు మెదడు కుడి చేయి, కుడి కాలిని నడిపిస్తుంది. కుడివైపు మెదడు ఎడమ చేయి, ఎడమ కాలిని నడిపిస్తుంది.

వెన్నుపాము చిటికెన వేలు లావున, పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. వెన్నుపూసల మధ్య ఉన్న గొట్టంలో భద్రంగా ఉంటుంది. మెదడు నుంచి 12 జతల నరాలు, వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయలుదేరి కాలి బొటనవేలి కొస వరకు కొమ్మలు వేసుకుంటూ పోతాయి.

మన పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు మోటారుకు వైరు వస్తుంది కదా. మోటారు బాగానే ఉన్నా మధ్యలో వైరు తెగితే నీళ్లు రావు. వైరు మీద తొడుగు ఊడిపోయినా ఇబ్బందే. నరం కూడా అలాంటిదే. చాలా నరాలకు కొవ్వుతో చేసిన సన్నని తొడుగు ఉంటుంది. ఆ తొడుగు వల్లనే వార్త వేగంగా పోతుంది. కొన్ని నరాల్లో వార్త సెకనుకు 100 మీటర్లకు పైగా ప్రయాణం చేస్తుంది. అయితే మోటారు వైరుకు, నరానికి ఒక తేడా ఉంది. నరాల్లో వార్తలు రెండు దిక్కులా నడుస్తాయి. చర్మం, కన్ను, చెవి నుంచి వార్తను లోపలికి తెచ్చే తంతువులు వేరు. మెదడు ఆజ్ఞను కండరానికి తీసుకుపోయే తంతువులు వేరు. అందుకే కొందరికి కాలు కదులుతుంది గానీ స్పర్శ ఉండదు. కొందరికి స్పర్శ ఉంటుంది గానీ కాలు కదలదు.

వేడి పెనం తగిలినప్పుడు

రొట్టె కాలుస్తుండగా వేలు పెనానికి తగిలిందనుకోండి. చెయ్యి ముందే వెనక్కు వచ్చేస్తుంది. "అబ్బా" అనేది ఆ తరువాత. ఎందుకు? వేడి వార్త వెన్నుపాము దగ్గరకు రాగానే అది మెదడు కోసం ఆగకుండా తానే చేతి కండరాలకు ఆజ్ఞ ఇచ్చేస్తుంది. దీనిని ప్రతీకార చర్య అంటారు. మోకాలి చిప్ప కింద డాక్టరు గారు చిన్న సుత్తితో తట్టి చూసేది కూడా ఇలాంటి దారి సరిగా ఉందా లేదా అని తెలుసుకోవడానికే.

ఆ తరువాత చురుక్కుమనే నొప్పి, దాని వెనుక మెల్లగా మంట, సలుపు మొదలవుతాయి. ఇవి రెండు రకాల తంతువుల పని. చురుకు నొప్పిని తెచ్చేవి వేగమైనవి. సలుపును తెచ్చేవి తొడుగు లేనివి, సెకనుకు సుమారు ఒక మీటరు మాత్రమే నడుస్తాయి. ఆ సలుపు కూడా అవసరమే. గాయం మానే దాకా ఆ వేలిని వాడకుండా మనలను ఆపేది అదే. కాలిలో ముల్లు విరిగితే కుంటుతాము. ఆ కుంటడం వల్లనే పుండు మీద బరువు పడదు, త్వరగా మానుతుంది. నొప్పి తెలియనివాడు కుంటడు. పుండు మీదే రోజంతా నడుస్తాడు.

ఐదు జ్ఞానేంద్రియాలు

కన్ను: వెలుగు కనుపాపలో నుంచి వెళ్లి, కటకం దాటి, వెనుక ఉన్న రెటీనా మీద పడుతుంది. అక్కడ సుమారు 12 కోట్ల దండ కణాలు, 60 లక్షల శంకు కణాలు ఉన్నాయి. మసక వెలుతురులో చూపించేవి దండ కణాలు. రంగులు, సన్నని అక్షరాలు చూపించేవి శంకు కణాలు. ఎ విటమిన్ తక్కువైతే ముందు దెబ్బతినేది రాత్రి చూపే. దానినే రేచీకటి అంటాం. ఆకుకూరలు, బొప్పాయి, గుడ్డు పిల్లలకు పెట్టమనేది ఇందుకే. సుగర్ ఉన్నవారికి రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో కంటిలో నొప్పి ఉండదు, చూపు కూడా తగ్గదు. కాబట్టి సంవత్సరానికి ఒకసారి కంటి పరీక్ష తప్పనిసరి.

చెవి: శబ్దం కర్ణభేరిని కదిలిస్తే, మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉన్న గొట్టంలో సుమారు 15,000 సన్నని రోమకణాలు ఉంటాయి. ఇవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. మన మేళ్లచెరువు, చింతలపాలెం, మఠంపల్లి వైపు సున్నపురాయి గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నదమ్ములు, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో పనిచేసేవారు ఇది గమనించాలి. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో రోజుకు 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి ఉంటే చెవుడు వస్తుంది. ఇక్కడా నొప్పి ఉండదు. పక్కన ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తోందంటే ఆ శబ్దం చెవికి ఎక్కువైనట్టే. ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు జేబులో ఉంచుకోకుండా చెవిలో పెట్టుకోండి. మనం తూలకుండా నిలబడటానికి కావలసిన సమాచారం కూడా లోపలి చెవి నుంచే వెళుతుంది. అందుకే చెవి జబ్బుతో కళ్లు తిరుగుతాయి.

ముక్కు, నాలుక: ఈ రెండూ కలిసి పనిచేస్తాయి. జలుబు చేసినప్పుడు కూర చప్పగా ఉండటానికి కారణం ముక్కే. కరోనా వచ్చిన 2020, 2021 సంవత్సరాల్లో చాలామందికి వాసన పోయినప్పుడు ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. తీపి నాలుక కొసన, చేదు వెనుక అని పాత పుస్తకాల్లో బొమ్మ ఉండేది. అది సరికాదు. రుచి మొగ్గలు ఉన్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. వాసన తెలియనివారు ఇంట్లో గ్యాస్ లీకైనా పసిగట్టలేరు. వారు స్టవ్ దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి.

చర్మం: ఇది మన శరీరంలో అన్నిటికంటే పెద్ద జ్ఞానేంద్రియం. తాకిడి, ఒత్తిడి, వేడి, చల్లదనం, నొప్పి తెలుసుకోవడానికి దీనిలో వేర్వేరు నాడీ కొసలు ఉన్నాయి. వేలికొసల్లో, పెదవుల్లో ఎక్కువ, వీపు మీద తక్కువ. కన్ను పోతే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. చర్మంలో స్పర్శ పోతే పోగొట్టుకున్న మనిషికే తెలియదు.

స్పర్శ పోతే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు మన దేశంలోని మిషన్ ఆస్పత్రులలోనే దొరికింది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషనరీలైన రెవరెండ్ జార్జి కెర్, డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు కుష్ఠు రోగుల కోసం ఆస్పత్రి ప్రారంభించారు. ఊరి బయటకు నెట్టివేయబడినవారికి అక్కడ నీడ, వైద్యం దొరికాయి. ఆ రోజుల్లో ఉన్న మందు ఒక చెట్టు గింజల నూనె మాత్రమే. ఈ జబ్బులో వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు.

తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీల ఇంట 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి కుష్ఠు రోగుల చేతులను, పాదాలను శ్రద్ధగా పరిశీలించారు. వంకరపోయిన వేళ్లను ఆపరేషన్‌తో సరిచేసే పద్ధతులు అభివృద్ధి చేశారు. ఆయన తేల్చిన ముఖ్యమైన విషయం ఇది. ఆ వేళ్లు జబ్బు వల్ల రాలిపోవటం లేదు. నరం చచ్చి స్పర్శ పోవటం వల్ల, కాలినా కోసుకున్నా తెలియక, పుండ్లు పడి, చీము పట్టి అరిగిపోతున్నాయి. నొప్పి అనేది మనిషిని కాపాడటానికి దేవుడు ఇచ్చిన వరమని ఆయన చెప్పేవారు. ఆయన 2003లో ప్రభువునందు నిద్రించారు. నేడు సుగర్ రోగుల పాదాలకు మేము చెప్పే జాగ్రత్తలలో చాలా వరకు ఆ కుష్ఠు రోగుల పాదాల దగ్గర నేర్చుకున్నవే.

కుష్ఠు క్రిమి శరీరంలో చల్లగా ఉండే చోట్ల, చర్మానికి దగ్గరగా ఉన్న నరాల్లో చేరుతుంది. మోచేయి గోడకు తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా, ఆ నరం దానికి ఇష్టమైన చోటు. ఆ నరం పాడైతే చిటికెన, ఉంగరం వేళ్లు వంకరపోతాయి. మోకాలి పక్క నరం పాడైతే పాదం వేలాడిపోతుంది. ముఖంలో నరం పాడైతే కన్ను మూతపడదు.

గుర్తులు సులభమే. చర్మం మీద పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఉండి, అక్కడ స్పర్శ లేకపోతే అనుమానించాలి. దురద, నొప్పి ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించిన ఎం.డి.టి. మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. 6 నెలలు లేక 12 నెలలు వాడితే జబ్బు పూర్తిగా నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటదు. 2005 చివరికి మన దేశంలో పదివేల మందికి ఒకరి కంటే తక్కువకు ఈ జబ్బు తగ్గింది. కాని అంతరించిపోలేదు, కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. కుష్ఠును కారణంగా చూపి విడాకులు కోరే వీలును 2019లో చట్టం తొలగించింది. కాబట్టి దాచవలసిన పని లేదు. నరం చచ్చాక మందు వేస్తే క్రిమి పోతుంది గాని పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం.

ఇప్పుడు సుగర్ సంగతి. సుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే, అన్నిటికంటే పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి. అందుకే అది పాదాల్లో మొదలవుతుంది. మొదట తిమ్మిరి, అరికాళ్ల మంట, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం. తరువాత మంట తగ్గుతుంది. "తగ్గిపోయింది" అని సంతోషిస్తారు. చాలాసార్లు అది తగ్గడం కాదు, నరం మొద్దుబారడం. చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచి వస్తున్నారంటే పాదం స్పర్శ పోయిందని అర్థం. అతిగా మద్యం తాగడం, బి12 విటమిన్ లోపం కూడా ఇలాగే చేస్తాయి. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గవచ్చు. డాక్టరు గారిని అడిగి పరీక్ష చేయించుకోండి. మాత్రలు మాత్రం సొంతంగా మానకండి.

వెన్నుపాము దగ్గర దారి మూసుకుపోతే

నల్గొండ పేరు వినగానే ఫ్లోరోసిస్ గుర్తుకు వస్తుంది. మన సూర్యాపేట కూడా 2016 అక్టోబరు వరకు ఆ జిల్లాలోనిదే. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో గుర్తించి రాశారు. తరువాత మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల బాధ దేశానికి తెలిసింది. ఫ్లోరైడు లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించిన నీరు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల ఎముకలు మందమవుతాయి. వెన్నుపూసల లోపలి గొట్టం ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. కాళ్లు బిగుసుకుపోతాయి, నడక పోతుంది. హైదరాబాదులో న్యూరోసర్జన్‌గా పనిచేసిన డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఈ విషయం మీద విస్తారంగా పరిశోధన చేశారు. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా "నల్గొండ పద్ధతి" అనే పేరు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకంతో నదీజలాలు ఊళ్లకు వచ్చాయి. కుళాయి నీరు ఉండగా తాగడానికి, వంటకు పాత బోరు నీరు వాడకండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

వెన్నుపాముకు ఇంకొక గండం 65వ నంబరు జాతీయ రహదారి. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే ఈ రోడ్డు మీద ప్రమాదం జరిగితే మంచి మనసుతోనే మనవాళ్లు పరుగెత్తుతారు. కాళ్లు ఒకరు, చేతులు ఒకరు పట్టుకుని, మడిచి ఆటోలో వేస్తారు. విరిగిన వెన్నుపూస ఆ మడతలో వెన్నుపామును కోసేయవచ్చు. అంతవరకు కదిలిన కాళ్లు ఆ తరువాత కదలకపోవచ్చు. మెడను, నడుమును వంచకుండా అలాగే ఉంచి 108కి ఫోన్ చేయండి. నిప్పు వంటి ప్రమాదం ఉండి కదిలించక తప్పకపోతే నలుగురు కలిసి తల, భుజాలు, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉంచి చెక్క మీదకు చేర్చండి. "కాళ్లు కదులుతున్నాయా? తాకితే తెలుస్తోందా?" అని అడిగి, ఆ జవాబు అంబులెన్సు వారికి చెప్పండి.

మెదడులో దెబ్బ: పక్షవాతం

మెదడుకు రక్తం అందించే గొట్టం మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. ఇందులో కూడా చాలామందికి నొప్పి ఉండదు. అందుకే "చెయ్యి తిమ్మిరెక్కిందిలే, పడుకుంటే పోతుంది" అంటారు. మూడు గుర్తులు నేర్చుకోండి.

ముఖం: నవ్వమంటే మూతి ఒక వైపుకు పోతోందా?
చెయ్యి: రెండు చేతులు చాపమంటే ఒకటి కిందికి దిగిపోతోందా?
మాట: మాట ముద్దగా వస్తోందా, లేక రావటం లేదా?

ఒక్క గుర్తు కనబడినా గడియారం చూడండి. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. దానికి ముందు సి.టి. స్కాన్ తీయాలి. అందువల్ల మా ఆస్పత్రికే రావాలని చూడకుండా స్కాన్ ఉన్న ఆస్పత్రికి నేరుగా వెళ్లండి. చివరిసారి మనిషి బాగా ఉన్నది ఎన్ని గంటలకో చెప్పండి. దారిలో నీళ్లు, మాత్రలు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పావురం రక్తం పూయడం, పసరు పోయించడం వల్ల పోయేది సమయమే. ఆ సమయం మళ్లీ రాదు.

నరం, కండరం కలిసే చోటు

మెదడు ఆజ్ఞ ఎంత బాగా వచ్చినా, చివర నరం నుంచి కండరానికి ఒక రసాయనం ద్వారా అందాలి. కట్లపాము విషం ఆ చోటును మూసివేస్తుంది. ఈ పాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు దాదాపు నొప్పి ఉండదు, వాపు రాదు, గాట్లు కూడా సరిగా కనిపించవు. తెల్లవారుజామున కడుపు నొప్పి, తరువాత కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, చివరకు ఊపిరి ఆగడం. రాత్రి నేల మీద పడుకున్న మనిషికి ఉదయాన రెప్పలు వాలుతున్నాయంటే కాటు కనబడకపోయినా పాము కాటేమో అని అనుమానించి తీసుకురండి. తాడు బిగించి కట్టకండి, కోయకండి. మన దేశంలో దొరికే విరుగుడు ఇంజెక్షన్ కట్లపాము విషానికి కూడా పనిచేస్తుంది. అవసరమైతే మిషను మీద ఊపిరి పోస్తే మనిషి బ్రతుకుతాడు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోవడం మంచి రక్షణ.

పత్తి, మిరప చేలల్లో కొట్టే కొన్ని పురుగుమందులు ఇదే చోట దీనికి వ్యతిరేకంగా పనిచేస్తాయి. రసాయనం ఆగకుండా ఉండిపోయి నోటి వెంట చొంగ, చెమట, కన్నీరు, కండరాల అదురు వస్తాయి. చర్మం మీద పడినప్పుడు మంట లేకపోయినా లోపలికి ఇంకుతుంది. వెంటనే బట్టలు విప్పి సబ్బు నీటితో కడిగి, మందు డబ్బాతో సహా తీసుకురండి.

ఇంట్లో అందరూ చేయవలసిన పని

పౌలు భక్తుడు కొరింథీ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో సంఘమును ఒక శరీరముతో పోల్చాడు. ఒక అవయవపు బాధ మిగిలిన అవయవాలకు తెలియడమే ఆరోగ్యమని మా నర్సులకు ఆ అధ్యాయం చదివినప్పుడెల్లా గుర్తుకు వస్తుంది. స్పర్శ పోయిన కాలి సంగతి ఆ మనిషి మెదడుకు తెలియదు. ఆ వార్తను ఇంట్లోవారి కళ్లు మోయాలి. అమ్మానాన్నలకు సుగర్ ఉంటే రాత్రి భోజనం తరువాత రెండు నిమిషాలు వారి పాదాలు చూడండి.

1. అరికాలు, మడమ, వేళ్ల మధ్య పొక్కు, పగులు, ఎరుపు, తడి ఉన్నాయా చూడండి. ఒంటరిగా ఉండేవారు కింద అద్దం పెట్టి చూసుకోవచ్చు.
2. కళ్లు మూసుకోమని చెప్పి, వేలికొసతో ఒక్కొక్క కాలి వేలిని మెల్లగా తాకి, "ఏ వేలు?" అని అడగండి. చెప్పలేకపోతే ఆస్పత్రిలో సన్నని నైలాన్ పోగుతో చేసే పరీక్ష చేయించండి.
3. వట్టి కాళ్లతో ఇంట్లో కూడా నడవనివ్వకండి. ఎండాకాలం చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పినప్పుడు కాలే బండల మీద వారిని నిలబడనివ్వకండి. సంఘ పెద్దలు అక్కడ ఒక పట్టా వేయించగలిగితే మేలు.
4. చెప్పులు, బూట్లు తొడిగే ముందు లోపల రాయి, మేకు ఉన్నాయా చేత్తో తడిమి చూడండి.
5. తిమ్మిరి ఉందని వేడి నీళ్ల కాపడం పెట్టకండి. స్నానం నీళ్ల వేడి ఇంట్లో మరొకరు మోచేతితో చూడాలి.
6. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు, ఆకుపసరు కట్టవద్దు.
7. పొక్కు గానీ పుండు గానీ కనిపిస్తే, నొప్పి లేకపోయినా, మరునాడే చూపించండి.

నొప్పి ఉన్నవారిని మనం ఎలాగూ ఆస్పత్రికి తీసుకువస్తాము. నొప్పి తెలియనివారిని కూడా తీసుకురండి. ఈ రాత్రే మీ ఇంట్లో పెద్దవారి పాదాలు ఒకసారి చూడండి.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను కాపాడును గాక. ఆమేన్.

నర్సింగ్ సూపరింటెండెంట్